బదనిక పళ్ళ విచారణ

వెంకటదుర్గకు టీసీ ఇచ్చి పంపేయాలని ప్రధానోపాధ్యాయుడు చంద్రరావు గారు ముందే నిర్ణయించుకున్నారు. నన్ను పోలవరం దగ్గరి బాలికల హాస్టలు స్కూలుకు పిలిపించింది ఆ స్కూలు కమిటీ సభ్యురాలిగా సంతకం పెట్టడానికే. అది 1998 మార్చి.

ఆ పిల్ల సెలవుకు కొండ మీది తన ఊరికి వెళ్ళి, అడవిమామిడి కొమ్మలను పట్టి పెరిగే బదనిక పొద పళ్ళు దొప్పనిండా తెచ్చి, తన ఏడో తరగతి వాళ్ళకు పంచింది. ఆ సాయంత్రం తొమ్మిది మందికి వాంతులయ్యాయి. మర్నాడు అసెంబ్లీలో ఆమెను ముందు నిలబెట్టి, విషం పెట్టిన పిల్ల అన్నారు. పరాయి చెట్టు రసం పీల్చి బతికే మొక్కకు మంచి పండు ఎలా కాస్తుందని చంద్రరావు గారి వాదన.

వాంతులైనవారి పేర్లు అడిగాను. వారిలో ఇద్దరు ఆ పళ్ళు ముట్టనే లేదు. తొమ్మిది మందీ తిన్నది మధ్యాహ్నపు పులిహోర. అది ముందురోజు మిగిలిన అన్నంతో కలిపిందని వార్డెన్ నాగేశ్వరి నేల చూస్తూ ఒప్పుకుంది. అందరికంటే ఎక్కువ పళ్ళు తిని, పులిహోర తినని వెంకటదుర్గకు ఏమీ కాలేదు.

"కొండవాళ్ళ కడుపండి అది, రాళ్ళైనా అరిగిపోతాయి. మన పిల్లలకి పడొద్దా?" అన్నారు చంద్రరావు గారు.

"నా కడుపు మనవాళ్ళదే కదా," అని, సాక్ష్యంగా దాచిన స్టీలు డబ్బా తెరిచి నాలుగు పళ్ళు తీసుకున్నాను.

"మామ్మగారండీ, గింజ నమలకండి. జిగురండి, పళ్ళకి పట్టేస్తుంది," అంది వెంకటదుర్గ. ఆ గదిలో ఆ రోజు పనికొచ్చిన మాట అదొక్కటే.

పండు తియ్యగానే ఉంది. వేళ్ళు తుడుచుకోబోతే రుమాలు కూడా అంటుకుంది. రెండు గంటలు కూర్చున్నాం. పది నిమిషాలకోసారి ఒంట్లో ఎలా ఉందని చంద్రరావు గారు ఆశగా అడిగారు. ఆకలిగా ఉందని ప్రతిసారీ చెప్పాను.

చివరకు ఆయన మినిట్స్ పుస్తకంలో, విద్యార్థినిని ఈసారికి క్షమించడమైనది అని రాశారు.

"ఏ తప్పుకు క్షమించారు?"

"ఏదో ఒకటి రాయాలి కదండీ, మేడమ్."

ఆ వాక్యం కొట్టేయించాను. నింద నిరాధారమనీ, తప్పు వంటింటిదనీ రాయించాను. నింద అసెంబ్లీలో వేశారు కనుక ఇదీ అక్కడే చదవాలన్నాను. స్కూలు పరువు పోతుందని ఆయన గొణిగారు. చదివేదాకా కదలనని చెప్పి, ఆ రాత్రి నాగేశ్వరి గదిలోనే ఉండిపోయాను.

మర్నాడు ప్రార్థన కాగానే ఆయన కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని గబగబా చదివేశారు. వెనక వరుసల్లో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ చదవమన్నాను.