టైలరమ్మ పన్నెండు సెంటీమీటర్లు

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ముందు గదిలో ఒక మూల ఆమె కుట్టుమిషను. ఇంకో మూల, సాయంత్రం అయ్యేసరికి, ఆమె కోడలు చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుతుంది. కోడలు బళ్లో లెక్కల టీచరు. రెండేళ్లుగా టైలరమ్మ కాళ్లు మిషను తొక్కుతున్నా, చెవులు మాత్రం అటే ఉండేవి.

ఒకరోజు కోడలు ఒక త్రిభుజం గీసి, భూమి ఎనిమిది, ఎత్తు ఆరు, వైశాల్యమెంత అని అడిగింది. పిల్లలు పెన్సిళ్లు నములుతూ కూర్చున్నారు.

"ఇరవై నాలుగు!" అని మిషను దగ్గర నుంచి కేక వినిపించింది.

పిల్లలంతా తలలు తిప్పి చూశారు. టైలరమ్మ నాలిక కరుచుకుంది. కోడలు మాత్రం సుద్దముక్క పక్కన పెట్టి, "అత్తయ్యా, మీరు పదో తరగతి పరీక్ష రాయకూడదూ?" అంది.

"ఊరుకో అమ్మాయ్, యాభై ఆరేళ్లొచ్చాయి నాకు. తొమ్మిదిలో బడి మానేసినదాన్ని," అంటూ కొట్టిపారేసింది. కానీ ఆ సాయంత్రమంతా కుట్లు వంకర పోతూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే తనే అడిగింది: "ఆ దరఖాస్తు ఎక్కడిస్తారంటావ్?"

చదువు మొదలుపెట్టాక మిగతా సబ్జెక్టులు ఎలాగో నెట్టుకొచ్చింది. అసలు చిక్కంతా అధిక కోణ త్రిభుజంతోనే వచ్చింది. ఒక పక్కకి ఒరిగిపోయినట్టున్న ఆ బొమ్మకి కోడలు ఎత్తుగీతని బొమ్మ బయట చుక్కలతో గీసింది.

"ఇదేం చోద్యమే? ఎత్తు బయట పడటమేంటి? నీ ఎత్తు కొలవాలంటే పక్కింట్లో టేపు పట్టుకుంటానా?"

కోడలు పడీ పడీ నవ్వింది. "మరి మీ మిషను పక్కకి ఒరిగిపోయిందనుకోండి, దాని పైకొస నేల నుంచి ఎంతెత్తులో ఉందో ఎలా కొలుస్తారు?"

టైలరమ్మ ఊఁ అంది గానీ మనసు ఒప్పుకోలేదు. కత్తెర తీసి, పాత దుప్పటి గుడ్డలో అచ్చం అలాంటివే రెండు ముక్కలు కత్తిరించింది. ఒకదాన్ని తిప్పి రెండోదాని పక్కన పెట్టింది. ఒరిగిన పట్టీలాంటిది తయారైంది. ఒక చివర నిలువుగా కోసి, ఆ ముక్కని రెండో చివర అతికించి చూసింది. చక్కగా నాలుగు మూలలూ కుదిరి దీర్ఘచతురస్రమై కూర్చుంది.

"ఓసినీ! దీని నిలువే ఆ చుక్కల గీత! ఇందులో సగం మన త్రిభుజం. అంతేగా?"

"అంతే అత్తయ్యా!"

ఇద్దరూ కటింగు బల్ల నిండా ముక్కలు పరిచి, ఒకటి తర్వాత ఒకటి పేర్చుకుంటూ కూర్చున్నారు. డ్యూటీ దిగి వచ్చిన కొడుకు గుమ్మంలో నిలబడి, "భోజనం సంగతేంటి?" అన్నాడు.

"త్రిభుజం అయ్యాక భోజనం!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. పాపం, అతనే వంటింట్లోకి నడిచాడు.

లెక్కల పరీక్ష రోజు టైలరమ్మ అన్నీ బాగానే రాసుకుంటూ వచ్చింది. చివరి పెద్ద ప్రశ్న దగ్గరే చిక్కుకుపోయింది. భుజాలు పదమూడు, పద్నాలుగు, పదిహేను సెంటీమీటర్లు. వైశాల్యం కనుక్కోవాలి. ఎత్తు ఇవ్వలేదు. మూడు భుజాలతోనే చేసే సూత్రం ఒకటుంది, వర్గమూలంతో. నిన్నటిదాకా నోటికి వచ్చింది. ఇప్పుడెంత గింజుకున్నా ఒక్క ముక్క గుర్తు రాదు. ఇంకా పాతిక నిమిషాలే ఉన్నాయి.

'ఎత్తు ఇవ్వకపోతే ఏం, నేనే కొలుచుకుంటా,' అనుకుంది.

కొత్త కాగితం తీసుకుని పద్నాలుగు సెంటీమీటర్ల గీత గీసింది. వృత్తలేఖినితో ఒక కొస నుంచి పదమూడు, రెండో కొస నుంచి పదిహేను చాపాలు వేసింది. అవి కలిసిన చోటు నుంచి నిట్టనిలువుగా గీత దించి కొలిచింది. సరిగ్గా పన్నెండు! ఆ గీత పద్నాలుగుని ఐదుగా, తొమ్మిదిగా విడగొట్టింది.

పద్నాలుగుని పన్నెండుతో హెచ్చించి, సగం చేసి, ఎనభై నాలుగు అని రాయబోయి ఆగింది. కొలిచి చెబితే లెక్క కాదు అత్తయ్యా, నిరూపించాలి అని కోడలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మాట అది. సరే, అటూ ఇటూ ఉన్నవి రెండు లంబకోణ త్రిభుజాలే కదా. ఐదు వర్గం, పన్నెండు వర్గం కలిపితే నూట అరవై తొమ్మిది, అంటే పదమూడు వర్గం. తొమ్మిది వర్గం, పన్నెండు వర్గం కలిపితే రెండు వందల పాతిక, అంటే పదిహేను వర్గం. ఎక్కడా పిసరంత తేడా లేదు! గబగబా రాసేసింది. చివరి అంకె కింద గీత కొడుతుండగా గంట మోగింది.

గేటు దగ్గర కోడలు ఎదురుచూస్తోంది.

"సూత్రం మర్చిపోయానే," అంది టైలరమ్మ.

కోడలి మొహం వాడిపోయింది. "అయ్యో! వదిలేశారా?"

"వదల్లేదు. గీసి కొలిచా." కోడలు నోరు తెరిచేలోపే, "ఆగాగు! నిరూపించాను కూడా," అంటూ గేటు పక్కనే ఉన్న బస్టాపు బల్ల మీద ప్రశ్నపత్రం పరిచి మొత్తం చేసి చూపించింది. కోడలు అందరి ముందూ అత్తగారిని వాటేసుకుని గిరగిరా తిప్పింది. బస్సొచ్చి వెళ్లిపోయింది కూడా.

ఫలితాల్లో లెక్కలకి నూటికి ఎనభై ఒకటి వచ్చాయి. ఆ వారమే కోడలు ఆమెని తన తరగతికి తీసుకెళ్లింది. టైలరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కానీ సుద్దముక్క చేతిలో పడగానే సర్దుకుంది. తాను ఎలా చేసిందో బోర్డు మీద చేసి చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మరి పన్నెండు రాకుండా పదకొండున్నరో ఎంతో వచ్చుంటే ఏం చేసేవారండీ?" అంది.

టైలరమ్మ బుగ్గ మీద వేలుంచుకుంది. ఆ సంగతి ఇప్పటిదాకా తట్టనే లేదు.

"అమ్మో! బాగా అడిగావు తల్లీ. రా, ముందుకొచ్చి గియ్యి. ఈసారి పదకొండున్నర వచ్చేదే వేద్దాం," అని సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టింది.