చొక్కా ఫోటో

ఇంకో మడత కాగితం చుట్టమని అడిగి ఉండవలసింది, పటం అంచు ప్యాంటు మీద నుంచే మోకాలికి ఒత్తుకుంటోంది, ఫ్రేము కట్టిన మనిషి పాత తమిళ పేపరు ఒక్క చుట్టు చుట్టి పురికొస కట్టి చేతిలో పెట్టాడు, అడిగితే చుట్టేవాడే, యోగానందే అడగలేదు, అడగవలసిన చోట అడగకపోవడం, చెప్పవలసిన చోట చెప్పకపోవడం ఆయనకు అలవాటు, బళ్లో పిల్లలు మాత్రం తెలుగు సారు మాట తూచి మాట్లాడతాడని గొప్పగా చెప్పుకుంటారు, బస్సు వేలూరు దాటింది, గుడియాత్తానికి ఇంకో గంట కూడా లేదు, ఈలోగా నాయన ముఖం ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, తరువాత దాన్ని నాయన మేళం వాళ్లకు ఇవ్వాలి, వీధినాటకం కట్టే ఆ ఏడుమందీ వేషాలు వేసుకునే కొట్టంలో గోడకు తగిలించి, కర్పూరం వెలిగించి, ఈ ఏటి భారతం మొదలుపెడతారట, నాయన రంగరాజులు లేని మొదటి భారతం, పోయి పది నెలలు, పది నెలలూ ఆయన పేరు పైకి అనకుండానే గడిచాయి, పక్క సీట్లో అప్పాసామి మామ నిద్రపోతున్నాడో మేలుకున్నాడో తెలియదు, మేళంలో హార్మోనియం ఆయనదే, కంటి ఆపరేషను చేయించుకుని నల్లద్దాలతో తిరిగి పోతున్నాడు, ఆ అద్దాల వెనక కళ్లు తెరిచి ఉన్నాయేమోనని యోగానంద్ ఇందాకటి నుంచి ముఖం సర్దుకునే కూర్చున్నాడు.

మామ మేలుకునే ఉన్నాడు, పటం ఒకతూరి చూపించప్పా, మూడేండ్లుగా లోకమంతా పొగ పట్టినట్లుండె, ఇప్పుడు తేటగా ఉండాది, ముందుగా మీ నాయననే చూస్తాను అన్నాడు, యోగానంద్ పురికొస విప్పాడు, తెల్ల చొక్కా, మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టుకుని, నూనె రాసి దువ్విన తల, నీలం తెర ముందు బిగదీసుకుని కూర్చున్న నాయన, ఎప్పుడో రేషన్ కార్డుకు తీయించుకున్న ఫోటో, మామ అద్దాలు పైకెత్తి చానాసేపు చూసి నవ్వాడు, ఇదేందప్పా, ఈ చొక్కా ఫోటోనా తెచ్చినావు, మా ఏడుమందికీ కరోనాలో గవర్నమెంటు దుడ్లు రాకుండా చేసింది ఈ చొక్కానే గదా, అన్నాడు, ఆ మాటలో కోపం లేదు, పాత దెబ్బ మచ్చను చూపించే మనిషి నవ్వు అది, యోగానంద్‌కు అర్థం కాలేదు, అర్థం కాకముందే చెవులు వేడెక్కాయి.

ఏడుమందికీ అంటున్నాడేమిటి, తాను పెట్టింది ఒక్కడిదే కదా, నాయనది, లాక్‌డౌన్ సంవత్సరం, తిరునాళ్లు లేవు, భారతాలు లేవు, గుడుల ముందు తాళ్లు కట్టారు, జానపద కళాకారులకు మనిషికి రెండు వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది, ఫారానికి వేషంలో ఉన్న ఫోటో జత చేయాలన్నారు, నాయన తన ఫోటో తెచ్చి రెండు చేతులా ఇచ్చాడు, ద్రౌపది వేషం, వక్కరంగు చీర, కొప్పు, కొప్పు చుట్టూ కనకాంబరాలు, ముక్కుపుడక, రెండు చేతులు పైకెత్తి కృష్ణుణ్ణి పిలుస్తున్నప్పుడు ఎవరో తీసిన ఫోటో, గొంతు మీద ఎముక మాత్రం మగవాడిది, తాను అయిదో తరగతిలో ఉండగా, ఆట చూసిన పిల్లలు బడి దగ్గర ఆ ఎముకనే చూపించి నవ్వారు, నీకు ఇద్దరమ్మలా అని అడిగారు, ఆ రోజే కదా నువ్వు బడి దగ్గరికి రావద్దు నాయనా అని చెప్పింది, నాయన సరేనన్నాడు, మళ్లీ రాలేదు, కొడుకు అదే బళ్లో పన్నెండో తరగతి ముగించేదాకా రాలేదు, బాగాయంలో బ్రౌజింగ్ సెంటరు పిల్ల ఆర్తి తన దగ్గర చదువుకున్నదే, ఫారం నింపుతూ, యోగానంద్ ఇచ్చిన రేషన్ కార్డు ఫోటో చూసి, సార్, వేషంలో ఉన్నది అడుగుతున్నారు, ఇది మామూలు ఫోటో అన్నది, సంచిలో అట్టల మధ్య ద్రౌపది ఉంది, చెయ్యి సంచి దాకా పోయింది, ఇదే చాలమ్మా అన్నాడు, సారు చెబితే ఆ పిల్ల ఇంకేమంటుంది, ఊళ్లో ఇంటికి వచ్చి, వేషం ఫోటో అక్కర్లేదంట నాయనా, చొక్కాది చాలంట అని ద్రౌపదిని తిరిగి ఇచ్చేశాడు, మూడు వారాలకు తన సెల్‌కు మెసేజి వచ్చింది, తగిన ఫోటో లేనందున తిరస్కరించామని, అది తీసేసి, ఏటీఎంకు పోయి నాలుగు అయిదువందల కాగితాలు తెచ్చి, గవర్నమెంటు పంపింది నాయనా అని చేతిలో పెట్టాడు, నాయన వాటిని కళ్లకద్దుకున్నాడు, అద్దుకుని ఒక్క మాట అడిగాడు, వేషం చూడకుండానే ఇచ్చినారా నాయనా అని, ఇచ్చారు అన్నాడు యోగానంద్, ఒక్క మాటే, తూచిన మాట.

పళ్లికొండ దగ్గర బస్సు ఆగింది, ఎవరో మల్లెమొగ్గల బుట్టతో ఎక్కారు, మామ చెప్పుకుపోతూనే ఉన్నాడు, స్టూడియోలన్నీ మూసేసినారా, వేషాలు కట్టుకుని సెల్లులో తీసుకుందామని పెట్టెలు దించినాము, మా మేళం దేవా రంగు గూడా నూరినాడు, అప్పుడు మీ నాయన పరిగెత్తుకుంటా వచ్చినాడు, వొద్దు వొద్దు, చొక్కాది చాలంట, నా కొడుకు చెప్పినాడు, బళ్లో వాత్తియారు గదా, వానికి తెలవదా అన్నాడు, ఏడుమందిమీ చొక్కాలేసుకుని తీసుకున్నాము, ఏడూ తిరిగొచ్చేసినాయి, నాట్రంపల్లి మేళం వాళ్లు వేషాల్తో పంపించి తలా రెండువేలు తీసుకున్నారు, మీ నాయనకొక్కడికే ఎట్లొచ్చిందని అడిగితే, నా కొడుకు వేషం ఫోటోనే పెట్టినాడు, చొక్కాది చాలని నేనే తప్పు చెప్పినా, వానిది తప్పు లేదు అన్నాడప్పా.

వానిది తప్పు లేదు, యోగానంద్ ఆ మాటను లోపల ఇంకోసారి విన్నాడు, నాయన గొంతుతో విన్నాడు, మామ ఇంకా ముగించలేదు, నీకొక్కడికే రావాలని మమ్మల్ని దోవ తప్పించినావని దేవా మొహానే అనేసినాడు, మీ నాయన ఆ రెండువేలకూ బియ్యం తెచ్చి ఏడిండ్లకూ పంచినాడు, బియ్యం తీసుకున్నాము, ఆకలి గదా, ఆయనతో మాట మాత్రం కలపలేదు, ఆ తర్వాత రెండేండ్లు ఆటలాడినాము, ఎవురూ ఆయన పక్కన కూసోని రంగు పూసుకోలేదు, ఒక్కడే మూల కూసోని కొప్పు కట్టుకునేవాడు, నేనూ పోలేదు, ఇప్పుడనుకుంటే నాకే సిగ్గుగా ఉండాది.

నీకెందుకు మామా సిగ్గు, అనాలనుకున్నాడు, పాలారు వంతెన మీద బస్సు పోతోంది, కింద అంతా ఇసుకే, ఆ మూల కనిపిస్తోంది, రేకు పెట్టె మీద చిన్న అద్దం, ఎవరూ అందించని రంగు తానే తీసుకుంటున్న చెయ్యి, ఆ చెయ్యి తెలుగు అక్షరం రాయలేదు, పద్యాలన్నీ తమిళ అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకుని నేర్చుకుంది, ఆ పద్యాలకు అర్థం అడిగితే చెప్పడానికి తెలుగు సారైన కొడుకుకు ఎప్పుడూ తీరిక లేకపోయింది, ఊరి మొదటి ఇళ్లు వచ్చాయి, ఇంకో అయిదు నిమిషాలు, మామా, అన్నాడు, ఆ దుడ్లు గవర్నమెంటువి కాదు, నావి, వేషం ఫోటో ఆర్తికి చూపించడానికి నాకు సిగ్గేసింది, చొక్కాది చాలని నాయనకు అబద్ధం చెప్పింది నేను, తప్పు నాది.

మామ అద్దాలు తీశాడు, ఎర్రగా ఉన్న కంటితో యోగానంద్ ముఖం వైపు చూశాడు, తిట్టలేదు, ఈ మాట నాకు గాదప్పా, దేవా ముందర చెప్పు, అందరూ కొట్టంలోనే ఉంటారు అన్నాడు, ఆ వేషం ఫోటో యాడ ఉందో తెలుసునా నీకు, నా హార్మోనియం పెట్టెలో ఉండాది, ఆ దుడ్లు చేతికొచ్చిన పొద్దే మీ నాయన నాకిచ్చినాడు, ఇంట్లో ఉంటే వాని కంటపడ్తాది, వానికి కష్టం, నీ దగ్గర పెట్టుకో అన్నాడు, ఎందుకో నాకప్పుడు తెలవలేదు.

ఆ పొద్దే, బియ్యానికంటే ముందు, దేవా మాటకంటే ముందు, నాట్రంపల్లి కబురు రాకముందు, వేషం చూడకుండానే ఇచ్చినారా నాయనా అని అడిగిన పొద్దే, అది సంబరపడిన మనిషి ప్రశ్న కాదు, జవాబు తెలిసిన మనిషి కొడుక్కు ఇచ్చిన ఇంకొక్క అవకాశం, నిజం చెప్పడానికి, ఇచ్చారు అన్న మాట విని నాయన లోపలికి పోయి, తన ముఖాన్ని తానే ఇంట్లోంచి తీసుకుపోయి ఇంకొకరి పెట్టెలో పెట్టి వచ్చాడు, బస్సు ఆగింది, జనం దిగుతున్నారు, చొక్కా ఫోటో మీద కాగితం మళ్లీ చుట్టాలని కూడా తోచలేదు యోగానంద్‌కు, ఇన్నేళ్లూ నాయనను నలుగురి కంటా పడకుండా దాచింది తానే అనుకున్నాడు, దాచిపెట్టింది నాయన, బడి దగ్గరికి రావద్దన్న రోజు నుంచి కొట్టంలో మూల కూర్చున్న రోజు దాకా, నాయన దాచింది కొడుకు సిగ్గును.