మేనమామను అడిగారా?

డెబ్భై నాలుగులో, నా కూతురు విమల పెళ్ళి మూడు రోజులుందనగా ఇంటికి పెద్ద, మా ఆయన అన్న అయిన శంకర్రావు బావ చేసిన ఏర్పాటు విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టుకుని మండపంలోకి తెచ్చి, మంగళాష్టకాలు అయ్యేదాకా వెనక నిలబడాల్సింది మేనమామ. విమల మేనమామ నా తమ్ముడు మారోతి. ముప్పై ఆరేళ్ళవాడు, బుద్ధి మాత్రం చిన్నపిల్లాడిది అంటారు అందరూ. అమ్మ పోయినప్పటి నుంచీ నాందేడ్ దగ్గర బిలోలిలో నా దగ్గరే ఉంటాడు. వాడికి బదులు, వరసకు తమ్ముడయ్యే బాబురావు నిలబడాలట! తహసీలు కచేరీలో గుమాస్తా కదా మరి.

"నాందేడ్ నుంచి పెద్ద పెద్దోళ్ళు అస్తున్నరు. నలుగుర్ల నవ్వులపాలైతం, అనుసూయా," అన్నాడు బావ.

అంతవరకూ ఆయన ఎదుట నోరెత్తి ఎరగను. "నవ్వెటోళ్ళను నవ్వనీయుండ్రి బావా! పిల్లను సంకనెత్తుకొని తిప్పింది బాబురావా? నా తమ్ముడు నిలబడకుంటె ఈ పెండ్లే లేదు!" అన్నాను.

విమల వసారాలో మారోతి పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. "మీ ఇద్దరి కొట్లాట సరే అమ్మా. మామను అడిగిండ్రా?" అంది.



"నువ్వేమంటవ్ మామా?" అని వాడి వైపు తిరిగి తనే అడిగింది.

మారోతి చేతిలోని పల్లీకాయ ఒలిచి గింజలు పక్కన పెట్టాడు. బావ నోరు తెరవబోతే విమల చేత్తో ఆపింది.

"చెయ్యి వట్టుకొని తీస్కస్త," అన్నాడు మారోతి చివరికి. "నిలబడ. కాళ్ళు గుంజుతయి. ఎనుక కూసుంట. బ్యాండోళ్ళు దూరముండాలె, నాకు భయం."

బావ గొణిగాడు గానీ కాదనలేకపోయాడు. పెళ్ళినాడు బ్యాండువాళ్ళను వీధి చివర నిలబెట్టారు. తలకు గులాబీ రంగు రుమాలు చుట్టుకుని, నా తమ్ముడు అడుగులో అడుగేసి మేనకోడలిని తెచ్చాడు. వెనక స్టూలు మీద దర్జాగా కూర్చున్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వితే నవ్వారు, నా కళ్ళు మాత్రం నిండిపోయాయి.

విమలను అత్తారింటికి పంపిన మర్నాడు పొద్దున, ఎప్పటిలాగే మారోతికి గ్లాసుడు పాలు కాచాను. ఇవ్వబోతూ ఎందుకో ఆగాను.

"పాలు తాగుతవా మారోతీ, చాయ్ తాగుతవా?"

"చాయ్. పాలు నాకు పడయి."

"ఓరి నీ! మరి ఇన్నేండ్ల సంది చెప్పవైతివేందిరా?"

వాడు నా వైపు వింతగా చూశాడు. "నువ్వడగలే గద అక్కా," అన్నాడు.