తోకబండి గొర్రె

పాత అచ్చు బొమ్మలు బాగుచేసే ఆవిడకు వీధిలో వాళ్లు పెట్టిన పేరు నత్తమ్మ. ఒక కాగితం ఆవిడ చేతికిచ్చారంటే నెలలు గడిచినా అది బల్ల దిగదు. ఎవరైనా తొందరపెడితే, "కాగితానికే లేని తొందర మీకెందుకండీ?" అనేది. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆవిడకు అలా చెల్లిపోయింది.

అలాంటి మనిషి, లెక్కల మాస్టారు తెచ్చిన గొర్రె బొమ్మను నాలుగే వారాల్లో ముగించేసింది.

అది ఆషామాషీ గొర్రె కాదు. ఏ సముద్రాలు దాటి వచ్చిందో గానీ, నాలుగు కొమ్ములు, బీరువాలాంటి ఒళ్లు, దాని కింద అగ్గిపుల్లల్లాంటి కాళ్లు. కొవ్వెక్కిన తోక నేలకు రాసుకోకుండా రెండు చక్రాల బుల్లి బండి. 'పోటీలో మొదటి బహుమతి' అని కింద అచ్చు. గొర్రె పెద్దదిగా కనబడాలని యజమాని తనను బొటనవేలంత గీయించుకున్నాడు, మహానుభావుడు. ఆ మైదానంలో ఇంకో గొర్రె లేదు.

మాస్టారు ప్రతి గురువారం సాయంత్రం వచ్చి బల్ల పక్కన కూర్చునేవాడు. భార్య పోయి రెండేళ్లయిందట. "మన గొర్రెగారు ఎలా ఉన్నారు ఇవాళ?" అని అడిగేవాడు. ఆ 'మన' నత్తమ్మకు వారమంతా సరిపోయేది. ఉన్నమాట చెప్పాలంటే, బుధవారం నుంచే ఆవిడ గది ఊడ్చి, కిటికీ అద్దాలు తుడిచి కూర్చునేది. ఆయన మెచ్చుకోవాలి, ఇంకో బొమ్మ తేవాలి, గురువారాలు ఆగకూడదు. ఆవిడ కోరిక అంతే.

అందుకే ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. మరకలు తీసింది, చిరుగులు అతికింది. మురికి లోపలికి దిగిపోకుండా, తడిపే ముందు అంచులను రబ్బరుతో రుద్దడం ఈ పనిలో మామూలే. కింది మూల ఏవో పెన్సిల్ గీతలుంటే, చదవనైనా చదవకుండా వాటినీ రుద్దేసింది.

నాలుగో గురువారం మాస్టారు బొమ్మను కిటికీ దగ్గరకు తీసుకెళ్లాడు. గొర్రెను చూడలేదు. కింది మూలనే చూశాడు.

"ఇక్కడ ఏదో రాసి ఉండాలి కదమ్మా?"

"పెన్సిల్ గీతలా? తుడిచేశానండీ," అంది నత్తమ్మ గర్వంగా. "ఆనవాలు కూడా లేదు, చూడండి."

ఆయన ఆ మూలను వేలితో తడిమాడు.

"మా ఆవిడ రాసింది. 'అచ్చం మా ఆయనే, పిలిస్తే పలకడు' అని. బొమ్మ పాడుచేశావని ఆ రోజు కోప్పడ్డాను కూడా."

నత్తమ్మ, పెన్సిల్ నొక్కిన గాడైనా మిగిలి ఉంటుందని బొమ్మను లాక్కుని వెలుగుకు ఏటవాలుగా పట్టింది. ఎలా ఉంటుంది? తడిపి, వారం రోజులు బరువు కింద నొక్కి, ముడత లేకుండా చేసింది తనే కదా.

"ముందే ఒక్క మాట చెప్పకపోయారా, మాస్టారూ?"

"చెబితే మీరు చదువుతారు కదమ్మా. సిగ్గేసింది."

ఆయన తిట్టలేదు. తిట్టినా కొంత బాగుండేది, మళ్లీ వచ్చి తిట్టమని అడిగేది. బొమ్మను తనే చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"పని చాలా శుభ్రంగా చేశారు," అన్నాడు.

వచ్చే గురువారం ఊరికే రండి అనాలని గుమ్మం దాకా వెంట నడిచింది. చివరికి తలుపు తీసి పట్టుకుంది, అంతే. ప్రతిసారీ "వస్తానమ్మా" అని మెట్లు దిగే మనిషి, ఈసారి "వెళ్తానమ్మా" అన్నాడు.