నాలుగో గీత

ఫారాలను బల్లమీద తట్టి అంచులు సరిచేసి, రెండు పెన్సిళ్లు చెక్కి, పాత బటన్ ఫోను వెనకమూత ఊడిపోకుండా రెండో రబ్బరు బ్యాండు వేసి, ప్రశ్నలత్త సంచి భుజానికి తగిలించుకుంది. ఆమె కుడిభుజం ఎడమదానికంటే వేలెడు కిందికి ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ సంచి అక్కడే వేలాడుతోంది మరి.

ఆమె పనిచేసే ఆఫీసుకు ఒక్కటే పని. కన్నవాళ్ల దగ్గర పెరిగే రాత లేక ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చిన మూడువందల నలభై మంది పిల్లల్ని, వాళ్లు పెద్దయ్యాక కూడా, రెండేళ్లకోసారి కలిసి, ఎలా ఉన్నారో అడిగి రాసుకోవడం. ఏళ్లు గడిచినా అవే ప్రశ్నలు, అవే మాటలు. నిద్ర పడుతోందా? ఎవరైనా కొడుతున్నారా? బాధ కలిగితే ఎవరికి చెప్పుకుంటావు? జవాబు ఎంత ఘోరమైనా అడిగేవాళ్ల ముఖం మారకూడదని నియమం. కొత్తలో ఆమె అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసేది. "మా అక్క మొహానికి ఆదివారం ఒక్కరోజే సెలవు" అని చెల్లెలు ఆటపట్టించేది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు ఆ పిల్లల్ని హాస్టలు నుంచి హాస్టలుకు, ఇంటి నుంచి ఇంటికి మార్చేవారు. ఈమె కాలికి బలపం కట్టుకుని వాళ్ల వెనకే తిరిగింది. ప్రశ్నలత్త అని పేరు పెట్టింది కూడా వాళ్లే.

ఆ రోజుతో ఈ విడత ముగుస్తుంది. ఆమె ఉద్యోగమూ ముగుస్తుంది. కట్టలో ఒక్క ఫారమే ఖాళీగా ఉంది. అది రెండువందల పన్నెండో నంబరు పిల్లది. గత రెండు విడతల్లోనూ దొరకలేదు. ఈసారీ దొరక్కపోతే 'ఆచూకీ లేదు' అని రాసి ఫైలు మూసేస్తారు.

"వదిలేయండి మేడమ్. ఒక్కరు తగ్గితే సర్వే ఫలితాలేం మారవు" అన్నాడు కుర్ర ఆఫీసరు.

"మారకపోవచ్చు బాబూ. సాయంత్రంలోగా వచ్చేస్తా."

ఆ పిల్లను మొదటిసారి కలిసినప్పుడు దానికి ఏడేళ్లు. ఊడిన పన్ను సందులో నాలుక ఆడిస్తూ కూర్చుంది. ఫారంలో ఆఖరి ప్రశ్న ఒకటుంటుంది: 'రేపు నువ్వు మాకు కనపడకపోతే నీ ఆచూకీ ఎవరికి తెలుస్తుంది? ముగ్గురి పేర్లు చెప్పు.' పిల్ల చాలాసేపు ఆలోచించింది. "ఎవరూ లేరు. నీకు తెలుస్తుందిగా" అంది. ప్రశ్నలత్త ముఖం మారలేదు గానీ పెన్సిలు మాత్రం ఆమె సొంత ఫోను నంబరే రాసింది. అడిగేవాళ్లు జవాబులో ఉండకూడదని పైవాళ్లు చీవాట్లు పెడితే కొట్టేసింది. అప్పటికే పిల్ల దాన్ని కంఠతా పట్టేసింది. అందుకే ఊరంతా ఫోన్లు, నంబర్లు మార్చేసినా ఆమె మార్చలేదు. పిల్ల దొరకని ఈ నాలుగేళ్లలో అది మోగినప్పుడల్లా ఆ పిల్లే అనుకుంది.

పాత చిరునామాలో తాళం. పక్కింటి పెద్దాయన, ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట చూడమన్నాడు. రెండు బస్సులు మారి వెళ్లింది. ఆవిరి నిండిన గదిలో, మోచేతిదాకా ఎర్రబడ్డ చేతులతో దుప్పటి మడుస్తున్న మనిషి తలెత్తి చూసింది.

"వచ్చేశావా అత్తా" అంది, నిన్ననే వెళ్లినట్టు.

దుప్పట్ల గుట్టల మధ్య కూర్చున్నారు. నిద్ర పడుతోంది. ఎవరూ కొట్టడం లేదు. మధ్యలో ఒక నాలుగేళ్లు బాగా లేవని తనే చెప్పింది.

"ఎన్నోసార్లు ఫోన్ చేద్దామనుకున్నా అత్తా. నీకు చెప్పడానికి కాస్త మంచి జవాబులు దొరికాక చేద్దామని ఆగా."

ఆఖరి ప్రశ్న వచ్చింది. ఆ పిల్ల తడుముకోకుండా పెనిమిటి పేరు చెప్పింది, ఇల్లు అద్దెకిచ్చినామె పేరు చెప్పింది, పక్క బల్లదగ్గర ఇస్త్రీ చేస్తున్న స్నేహితురాలిని చూపించింది. మూడు గీతలూ నిండాయి.

"నాలుగోది రాసుకో" అని ఒక ఫోను నంబరు అప్పజెప్పింది, అంకె పోకుండా.

ఫారంలో నాలుగో గీత లేదు. ప్రశ్నలత్త పెన్సిలుతో తనే గీసి, దానిమీద తన నంబరు రాసుకుంది.

"నీ మొహం కదిలిందత్తా" అంది రెండువందల పన్నెండు.

"ఆవిరి" అంది ప్రశ్నలత్త కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం ఫారం అప్పగించి, పెన్సిళ్లు డబ్బాలో వేసి ఇంటికి వెళ్లింది. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చింది. మళ్లీ లేవలేదు.

పదిరోజులు పోయాక చెల్లెలు వచ్చి ఆఫీసులో ఫోను బల్లమీద పెట్టింది. "ఇది ఆఫీసుదో తనదో నాకు తెలీదు బాబూ. ఎప్పుడూ ఆరిపోనివ్వొద్దనేది."

ఆఫీసరు అప్పుడే ఎర్రపెన్ను పట్టుకుని ఫారాలు సరిచూస్తున్నాడు. రెండువందల పన్నెండు దగ్గర, చేత్తో గీసిన గీతమీది నంబరు చూసి కొట్టేయబోయాడు. ఆ అంకెలు అతనికి బాగా తెలుసు. పెన్నుకు మూత పెట్టేసి, లేచి వెళ్లి చార్జరు వెతికాడు.

కిటికీ పక్కన, రెండు రబ్బరు బ్యాండ్లతో ఆ పాత ఫోను చార్జింగులో ఉంది.