అల్లుణ్ణి లాగిన రథం మోకు

ఇలా దగ్గరికి జరగండర్రా. నా గొంతు బొంగురు, దూరానికి వినిపించదు. నేను ఒక కొబ్బరిపీచు మోకుని. ఉద్దానం కొబ్బరి డొక్కలు నానబెట్టి, బాది, పీచు తీసి, ఆడాళ్లు అరచేతుల్తో పేనితే మగాళ్లు మెలిపెట్టి నన్ను చేశారు. అన్ని దెబ్బలు తిని పుట్టాను కాబట్టే ఇంత గట్టిగా ఉన్నాను.

మొదట జగన్నాథస్వామి రథానికి కట్టారు. ఏటా ఆషాఢంలో ఆయన్ని పినతల్లిగారింటికి లాక్కెళ్లడం, మళ్లీ లాక్కురావడం, అదే నా ఉద్యోగం. పాతబడ్డాక ముక్కలు చేసి పంచారు. నా ముక్క మా ఊరి రైతు దాలయ్య ఇంటికొచ్చింది. బురదలో దిగిన బళ్లు, నూతిలో పడ్డ గేదె, ఏది పడితే అది లాగాను. నీది ఏ ఊరని ఒక్కరినీ అడగలేదు.

దాలయ్య కూతురు హేమని ఒడిశాలో, బరంపురంలో బట్టల కొట్టున్న లోకనాథానికిచ్చారు. మనిషి మంచివాడే. కొత్త కారు కొన్నాక మాత్రం కాళ్లు భూమ్మీద ఆనడం లేదు. పెళ్లయ్యాక మొదటి దసరాకి బయల్దేరుతూ మామగారికి చెప్పాడట, దారిలో కారాగితే ఒక్క ఫోను చాలు, దేశంలో ఎక్కడున్నా కంపెనీ లారీ వచ్చి ఎత్తుకెళ్తుందని. ఆ మాట కారు విన్నట్టుంది. సరిగ్గా మా ఊరి పొలిమేరలో, జీడితోటల దగ్గర ఆగిపోయింది.

దాలయ్య నన్ను ట్రాక్టరులో వేసుకుని వెళ్లాడు. అల్లుడు చెయ్యి అడ్డంపెట్టి, ఫోను చేస్తున్నాను ఆగమన్నాడు. అందరికీ వినపడేట్టు పెట్టాడు కూడాను. అటుపక్క పిల్ల ఎంత మర్యాదస్తురాలో. ముందు ఏ రాష్ట్రమని అడిగింది. మీ స్కీము కాగితం ఒడిశాది, ఆంధ్రాలో అయితే పెద్దరోడ్డు మీదికే వస్తాం, పల్లెదారికి రామంది. కారుని పెద్దరోడ్డు దాకా తెచ్చుకోమంది. తెచ్చుకోగలిగితే నీకెందుకు ఫోను చేస్తానమ్మా అన్నాడితను. చివరికి పైవాళ్లనడిగి, వస్తాంగానీ మా షెడ్డు బరంపురంలో ఉంది, అక్కడికే చేరుస్తామంది. అంటే పండక్కి బయల్దేరిన అల్లుణ్ణి భద్రంగా వాళ్లింటికే దింపుతారన్నమాట.

దానికీ సరేనన్నాడు. మామగారి ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని ఊళ్లోకొస్తే, ముసలాడయ్యేదాకా తనని మోకు అల్లుడనే పిలుస్తారని అతని భయం. మరి మొదటి పండక్కే అల్లుడు పొలిమేర నుంచి తిరిగిపోతే ఊరు హేమనేమంటుంది? ఆ పిల్ల మిఠాయి పెట్టె ఒళ్లో పెట్టుకుని, తలొంచుకుని కారులోనే కూర్చుంది. దాలయ్య ట్రాక్టరు చక్రాలకేసి చూస్తున్నాడు.

అప్పుడొచ్చింది అత్తగారు నీలమ్మ, గారెల పిండి చేతులతోనే. కొత్త అల్లుడితో అత్త ఎదురుపడి మాట్లాడకూడదు కదా. కొంగు తలమీదికి లాక్కుని నావైపు తిరిగింది.

"ఓసి మోకూ, నువ్వే చెప్పవే. అంతటి జగన్నాథుడు పినతల్లింటికి తాడు కట్టించుకునే వెళ్తాడా లేదా? ఏ ఏడైనా చిన్నబుచ్చుకుని మధ్యదారిలోంచి వెనక్కెళ్లాడా?"

నేనేం చెబుతాను, మోకుని. హేమ పకపకా నవ్వేసింది. లోకనాథం కాసేపు పెళ్లాంకేసి, కాసేపు నాకేసి చూశాడు.

"ఎక్కడ కట్టాలి మామగారూ?" అన్నాడు.

ఊరి మొదట్లో ఎవరో ట్రాక్టరు విప్పేయమన్నారు. జనం నన్ను చేతుల్లోకి తీసుకున్నారు. అన్ని చేతులు నా ఒంటిమీద పడి ఎన్నేళ్లయిందో. వీధి పొడుగునా జయజయధ్వానాలే. ముసలమ్మలు కారుకి కొబ్బరికాయలు కొట్టి, అద్దంలోంచి అరటిపళ్లు అందించారు. లోపల అల్లుడు, అచ్చం స్వామిలాగే, ఎటు లాగితే అటొచ్చాడు.

అందరూ గారెలు తింటుంటే నేను గుమ్మం పక్కన చుట్టగా పడున్నాను. ఫోను మోగింది. లారీ బయల్దేరుతోందండీ, ఇప్పుడు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారని అదే పిల్ల.

"అత్తారింట్లో," అన్నాడు లోకనాథం నోటినిండా గారెతో.

ఆ పిల్ల కాసేపు వెతికింది. "అది మా స్కీములో లేదండీ," అంది.

ఇప్పుడు నేనుండేది ఆ కారు డిక్కీలో, ఆ కాగితం పక్కనే. అది ఇంకా నలగలేదు, నాతో మాట కలపలేదు. మీరెవరైనా పండక్కి దూరం వెళ్తే ఈ కథ గుర్తుపెట్టుకుని పక్కవాళ్లకి చెప్పండర్రా. కారాగాక చెబితే మరీ మంచిది. లారీ వచ్చేదాకా పొద్దుపోవాలి కదా.