కంటి ఫోటోకు ఆఖరి రోజు

అరవై మందికి సరిపడా ఉప్మా అడుగంటకుండా ఉండాలంటే గరిటె ఆపకూడదు. పోచమ్మ ఒక కాలు ముందుకు వేసి, నడుం వంచి, రెండు చేతులా గరిటె పట్టుకుని తిప్పుతోంది. ఆమె కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ఆ గరిటె చేసిన పని అది. మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు, కళ్ళ కొనల్లో ఎప్పుడూ ఎర్రటి జీర. ముక్కుపుడక ఉండాల్సిన చోట చిన్న వేపపుల్ల ముక్క.

అమీర్‌పేటలో సత్యం థియేటర్ వెనక సందులో నాలుగంతస్తుల లేడీస్ హాస్టల్ అది. సందులోని ప్రతి గోడా కంప్యూటర్ కోర్సుల కాగితాలు కప్పుకుని ఉంటుంది. పొద్దున్నే జావా అనీ ఒరాకిల్ అనీ మాట్లాడుకుంటూ ఆడపిల్లలు మెట్లు దిగుతారు. పోచమ్మకు ఆ మాటలన్నీ నోటికి వచ్చు, అర్థాలే రావు. కానీ ఉద్యోగం దొరికిన పిల్ల ఆ పూట సరిగా తినదనీ, ఇంటర్వ్యూలో పోయిన పిల్ల మారు వడ్డించుకుంటుందనీ ఆమెకు తెలుసు. పళ్ళెం చూసి ఫలితం చెప్పేస్తుంది.

ఇవాళ ఆమె ధ్యాస పళ్ళేల మీద లేదు. పంజాగుట్టలో ఒక కమ్యూనిటీ హాల్లో తెల్ల రేషన్ కార్డుల కోసం కళ్ళ ఫోటోలు తీస్తున్నారు. ఇవాళే ఆఖరి రోజు. పెనిమిటి పెంటయ్య తెల్లవారుజామున అయిదింటికే వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ఫోటో తియ్యాలంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మిషను ముందు కూర్చోవాలి.

కార్డు బియ్యం కోసం కాదు. హాస్టల్లో మిగిలిన అన్నంతోనే వాళ్ళిద్దరి కడుపూ నిండుతుంది. పెంటయ్య గుండెలో కవాటం పాడైంది. నాలుగు మెట్లెక్కితే రొప్పుతాడు, రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరు, పాపం, మంచిగానే చెప్పాడు. తెల్లకార్డు ఉంటే కొత్త పథకం కింద ఆపరేషన్ ఉచితం, కార్డు తేగానే తారీఖు వేస్తాను, ఆలస్యం మాత్రం చెయ్యకండి అన్నాడు.

వాళ్ళకు కార్డు ఉండేది. పాలమూరు జిల్లాలో వాళ్ళ ఊరు. రెండెకరాల మెట్ట చెలక, మూడు బోర్లు. మూడూ దుమ్ము కక్కాయి. పెంటయ్య పార భుజాన వేసుకుని దేశమంతా తిరిగి ఎవరెవరి పొలాలకో నీళ్ళు పారే కాలువలు తవ్వాడు. తన చెలకకు ఏ కాలువా రాలేదు. హైదరాబాదు కంప్యూటర్ల పట్నం అవుతోందని, నేలలో తీగలు వెయ్యాలని మేస్త్రీ పిలిస్తే ఇక్కడికొచ్చి, బేగంపేట నుంచి అమీర్‌పేట దాకా రోడ్డు వారన గోతులు తవ్వాడు. వాళ్ళు పట్నంలో ఉన్న రోజుల్లోనే ఊళ్ళోకి ఎంక్వయిరీ వచ్చింది. ఇంటికి తాళం ఉంది కాబట్టి కార్డు బోగస్ అని రాసుకుపోయారు. ఊరెళ్ళి అడిగితే, మీరు పట్నంలో ఉంటున్నారుగా, అక్కడే తీసుకోండి అన్నారు. పట్నంలో అడిగితే, మీది పాలమూరు కదా, అక్కడికే పోండి అన్నారు.

ఊళ్ళో ఉంటే తిండి లేదు. తిండి కోసం బయటికొస్తే ఊళ్ళో లేవు పొమ్మంటారు. మరి మనిషి ఎక్కడుండాలి? ఈ రూలు రాసిన పెద్దమనిషి ఫ్యాను కింద కూర్చుని రాసి ఉంటాడు. పార పట్టి చేతులు బొబ్బలెక్కినవాడు బోగసు, కలం పట్టినవాడు అసలు.

చివరికి హాస్టల్ యజమానురాలు నాగేశ్వరి సంతకమే వాళ్ళకు ఆధారమైంది. ఈ ఇద్దరూ మా మెట్ల కింది గదిలోనే ఉంటున్నారని ఆమె ఒక తెల్లకాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం కోసం పోచమ్మ మూడు వారాలు అడిగింది. అందుకే ఇవాళ ఆమె మాట కాదని గడప దాటడానికి పోచమ్మకు ధైర్యం చాలడం లేదు. పని పోతే గది పోతుంది, గది పోతే ఆ కాగితం చిత్తు.

"అమ్మా, పదింటికి పోయొస్త. ఇద్దరం ఉంటెనే ఫోటో తీస్తరంట" అంది, ఉప్మా గిన్నె దించుతూ.

నాగేశ్వరిది భీమవరం వైపు. నోరు మంచిదే. "ఇవాళే వెళ్ళాలా ఏంటి పోచమ్మా? కొత్త బ్యాచ్ పిల్లలు దిగుతున్నారు, వాళ్ళ అమ్మానాన్నలూ వస్తారు. మొదటి పూటే అన్నం బాగోలేదంటే పక్క హాస్టల్‌కి పోతారు. వంట చేసి పెట్టేసి వెళ్ళు, నేను కాదన్నానా?"

కాదనలేదు నిజమే. పోచమ్మ జీవితంలో ఏ ఆఫీసులోనూ ఏ ఇంట్లోనూ ఎవరూ కాదనలేదు. కాసేపాగు, రేపు రా, ముందు ఇది కానియ్యి అన్నారు. ఆ మాటల మీదే యాభై ఏళ్ళు గడిచిపోయాయి.

పప్పు దించి, సాంబారు పోపు పెట్టి, మొదటి గుండిగ అన్నం వార్చేసరికి తొమ్మిదిన్నర అయింది. రెండో గుండిగ సగం ఉడుకుతుండగా పొయ్యి మంట నీలంగా వణికి ఆరిపోయింది. సిలిండర్ అయిపోయింది. బుక్ చేసి పదిరోజులైనా కొత్తది రాలేదు. పక్క హాస్టల్ వాళ్ళను అడగడానికి నాగేశ్వరి వాచ్‌మన్‌ను పంపింది. సగం ఉడికిన బియ్యాన్ని అలా వదిలితే జావ అవుతుంది. పోచమ్మ మూత మీద తడిగుడ్డ కప్పి, గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.

ముందుగదిలో ఫోన్ మోగింది. ఎవరి ఉద్యోగం కబురో అనుకుని ధాత్రి అనే పిల్ల పరుగెత్తి ఎత్తింది. "అక్కా, మీకే" అని పిలిచింది.

పెంటయ్య. హాలు పక్కన జిరాక్స్ షాపు సాబిర్ ఫోన్ నుంచి చేస్తున్నాడు.

"నా ముంగట ఇంక పదిమందే ఉన్నరు. నువ్వు బయల్దేరు."

"గ్యాస్ అయిపోయింది. ఇగొస్త."

"జల్ది రా. ఎండ మస్తుగున్నది."

"ఏమన్న తిన్నవా?"

"సాబిర్ భాయ్ చాయ్ తాపిండు."

"గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న. నువ్వు రా ముందుగాల." పక్కన ఎవరో పిలిచినట్టున్నారు, పెట్టేశాడు.

ధాత్రి అంతా విన్నది. ఒంగోలు దగ్గర పొగాకు రైతు కూతురు. "అక్కా, మీరు వెళ్ళండి. గ్యాస్ రాగానే అన్నం నేను చూసుకుంటా" అంది.

"అరవైమంది అన్నం నువ్వు వారుస్తావా?" అంది నాగేశ్వరి వెనకనుంచి. "చెయ్యి కాల్చుకుంటే మీ నాన్నగారికి నేనేం చెప్పాలి? క్లాసుకెళ్ళమ్మా. ఎంతసేపు, అరగంటలో వెళ్తుందిగా పోచమ్మ."

సిలిండర్ పదకొండున్నరకు వచ్చింది. రెండో గుండిగ వారుస్తుండగా మళ్ళీ ఫోన్. ఈసారి సాబిర్ గొంతు.

"పోచమ్మక్కా, పెంటన్న నంబర్ అచ్చింది. ఒక్కనిది తీసుకోదు మిషన్ అని ఎనకకు పంపిండ్రు. మల్ల ఆఖర్ల పెట్టిండ్రు."

"గట్లెట్ల పంపుతరు భాయ్? పొద్దుగాల అయిదింటికి పోయిండు ఆయన."

"నేను సుత అడిగిన. సర్వర్ ఒప్పుకోదంటున్నరు. ఫికర్ చెయ్యకు, నీడకు కూసోబెట్టిన. జర జల్ది రా."

పోచమ్మ ఫోన్ పెట్టేసి వంటగదిలోకి వచ్చి గరిటెతో గుండిగ అంచు మీద ఒక్కటి కొట్టింది. సాంబారు గోడ మీదికి చిందింది. ఒళ్ళంతా మండిపోయింది ఆమెకు. రోడ్డు మీద గొయ్యి తవ్వడానికి ఒక్కడే చాలాడు. దినమంతా ఎండలో ఒక్కడే తవ్వితే, నీ పెళ్ళాం ఏదీ అని ఏ మేస్త్రీ అడగలేదు. బతికున్నానని చెప్పడానికి మాత్రం ఇద్దరు కావాలి. మిషను ఒప్పుకోదు, సర్వర్ ఒప్పుకోదు. మనిషి తిట్టాడంటే తిరిగి తిట్టవచ్చు, సర్వర్‌ను పట్టుకుని ఎవరు తిడతారు?

అయినా వడ్డించింది. అది కూడా కోపమే. కొత్తగా దిగిన పిల్ల తల్లి ఒకావిడ, ఆవకాయ లేదా అని అడిగింది. పోచమ్మ జాడీ తెచ్చి ఆవిడ పళ్ళెం పక్కన దబ్బున పెట్టింది. చివరి పంక్తి లేచేసరికి రెండున్నర. ఒక డబ్బాలో అన్నం, పప్పు కలిపి పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది.

"గిన్నెలు అలాగే ఉన్నాయి పోచమ్మా" అంది నాగేశ్వరి.

"గిన్నెలు ఏడికి పోవు అమ్మా" అంది పోచమ్మ. తొమ్మిదేళ్ళలో ఆమెకు అలా జవాబు చెప్పడం అదే మొదటిసారి.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంతో దూరం కాదు. ఆ ఎండలో నడిచేవాడికి తెలుస్తుంది దాని పొడుగు. బస్సులు ఒకదాని వెనక ఒకటి కదలకుండా నిలబడి పొగ వదులుతున్నాయి. పోచమ్మ వాటి సందుల్లోంచి దూరి, ఒక కారు ముందు చెయ్యి చాపి ఆపి, చౌరస్తా దాటింది. డ్రైవరు ఏదో అన్నాడు. ఆమె వినలేదు. ఎరుపెక్కిన తన కళ్ళను ఆ మిషను ఒప్పుకుంటుందో లేదోనని ఒకటే దిగులు. ఒప్పుకోకపోతే అక్కడే కూర్చుంటాను, లేవను, ఎవడొచ్చి లేపుతాడో చూస్తాను అనుకుంది.

హాలు ముందు మనుషుల కంటే చెప్పులే ఎక్కువ కనిపించాయి. ఎండకు తాళలేక జనం వరసలో తమ చెప్పులు వదిలి గోడ నీడకు చేరారు. చెప్పులు లేనివాళ్ళు రాయి పెట్టారు. ఒకరెవరో ఖాళీ నీళ్ళ సీసా పెట్టారు. ఒక కుటుంబం లోపలికి వెళ్ళినప్పుడల్లా ఎవరో లేచి, వరసనంతా కాలితో ఒక అడుగు ముందుకు తోస్తున్నారు. ఎవరి జతనూ ఎవరూ దాటించడం లేదు. లోపలున్న మిషనుకు లేని న్యాయం బయట చెప్పుల దగ్గర ఉంది. పెంటయ్య జత ముందునుంచి మూడోది. చూడగానే పోచమ్మకు ప్రాణం లేచొచ్చింది.

అతను గోడకు ఆనుకుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు. రాత్రిళ్ళు నిద్రపోయేది కూడా అలాగే. పక్కవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. పోచమ్మ పక్కన చతికిలబడి డబ్బా మూత తీసింది.

"ఇగో, వచ్చిన. రెండు ముద్దలు తిను. మన నంబరు వస్తది."

భుజం పట్టి కదిపింది. మనిషి నెమ్మదిగా ఆమె మీదికి వాలాడు. ఆ బరువు నిద్రపోయే మనిషి బరువు కాదని ఆమెకు వెంటనే తెలిసింది. తల గోడకు కొట్టుకోకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

సాబిర్ షాపులోంచి పరుగెత్తుకొచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "ఇప్పుడే నీళ్ళు తాగిండక్కా. పండుకున్నడనుకున్న" అన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అక్కడినుంచి చూస్తే ఆసుపత్రి గేటు కనబడుతుంది.

జనం చుట్టూ చేరారు. లోపలినుంచి గుమాస్తా తొంగిచూసి, తర్వాతివాళ్ళు రండి, అయిదింటికి బంద్ అని కేకేసి వెళ్ళిపోయాడు. ముందున్న కుటుంబం తలవంచుకుని లోపలికి వెళ్ళింది. ఆ వెనకే ఇంకొకరిని పిలిచారు. వరసలో పెంటయ్య తర్వాత ఉన్న ముసలాయన, ఇక వీటితో పనేముందనుకున్నాడేమో, వంగి ఆ చెప్పులను పక్కకు తియ్యబోయాడు.

"తియ్యకు" అంది పోచమ్మ. ఆ గొంతుకు ముసలాయన చెయ్యి మధ్యలోనే ఆగింది. "చీకట్ల వచ్చి నిలవడ్డడు ఆయన. ఎవ్వల్నీ దాటి పోలేదు. లైన్ల ఉండనీ."

ముసలాయన నడుం ఎత్తి ఆమెను చూశాడు. తర్వాత తన చెప్పులను తోసినట్టే వాటిని కూడా పాదంతో మెల్లగా ముందుకు తోశాడు. మడమల దగ్గర కాగితంలా అరిగిపోయి, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన రెండు హవాయి చెప్పులు, లోపలికి మొహం పెట్టి, గుమ్మం ముందు మొదటి జతగా ఆగాయి.